బొట్టు పెట్టిన సామాను

మా బాపు కల్లుకు తాళ్లు గీసేవాడు. పొద్దున చెట్లు దిగి వచ్చాక, కడిగిన లొట్లను, ఆ కల్లు కుండలను, వాకిట్లో బోర్లించి ఒక్కొక్కదాన్ని వేలి కణుపుతో కొట్టి వినేవాడు. మంచి లొట్టి ఖంగుమనేది. కంటికి కనబడని నెర్రె ఉంటే బొద్దుగా, గొంతు పట్టేసిన మనిషి పిలిచినట్టు పలికేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని "ఇది జెప్పు బిడ్డా, మంచిదా, పగిలిందా?" అని అడిగేవాడు. తప్పు చెబితే అదే కణుపుతో నా నెత్తిమీద ఒకటి పడేది. "గిది గూడ బొద్దుగనే ఉన్నది" అని నవ్వేవాడు.

ఆ చెవితోనే ఇప్పుడు కోరుట్లలో ఇనుము కొట్టి వింటున్నాను. మా ఆయన చాలా ఏళ్లు గల్ఫ్‌లో ఒక గ్యారేజీలో పనిచేసి తిరిగొచ్చి, కథలాపూర్ పోయే రోడ్డు మీద పాత సామాన్ల దుకాణం పెట్టాడు. గుద్దుకున్న వ్యాన్లు, బోల్తా పడ్డ, సరుకులు మోసే చిన్న ట్రాలీ బండ్లు కొని తెచ్చి విప్పుతాడు. పనికొచ్చేది అమ్ముతాడు, పనికిరానిది తుక్కుకు పోతుంది. ఏది పనికొస్తుందో తేల్చే పని మొదట ఆయనదే. నేను సద్ది తీసుకొని పోయేదాన్ని, అంతే. ఒకరోజు ఆయన ఎవరికో బ్రేకు డ్రమ్ము అమ్ముతూ పానాతో తట్టి చూపిస్తుంటే, సద్దిగిన్నె కింద పెట్టకుండానే "అది పగిలింది" అన్నాను. ఆయన నవ్వాడు, కొనేటాయన నవ్వలేదు. కడిగి చూస్తే లోపలి అంచున గోరంత నెర్రె. ఆనాటి నుంచి సద్ది ఆయనే తెచ్చుకుంటున్నాడు. పానా నా చేతికొచ్చింది.

చెవి ఒక్కటే సరిపోదు. అనుమానం వచ్చిన సామానును డీజిల్‌లో నానబెట్టి, తీసి, పొడిబట్టతో బాగా తుడిచి, దానిమీద ముగ్గుపిండి చల్లుతాను. నెర్రె ఉంటే అందులో దాక్కున్న డీజిల్ మెల్లగా పైకి ఊరి, తెల్లటి పిండి మీద వెంట్రుకంత నల్లగీత తేలుతుంది. గీత రాకపోతే బతికిపోయినట్టే. మా వాడకట్టు ఆడవాళ్లు వాకిట్లో వేసే ముగ్గు నేను ఇనుము మీద వేస్తానని ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. వాళ్ల ముగ్గు తొక్కితే ఎవరూ చావరు.

సామాను మూడు రకాలు. మొదటి రకం, కళ్లు మూసుకొని బిగించుకోవచ్చు. రెండో రకం అరిగింది కాని విరగదు, చూసుకుంటూ వాడుకోవాలి. మూడోది తుక్కు. మా ఆయన గల్ఫ్ అలవాటు కొద్దీ మొదట్లో ఇంగ్లీషు అక్షరాలు రాసిన అట్టముక్కలు కట్టేవాడు. గ్రీసుకు అట్టలు నాని ఊడిపోయేవి. ఊడనివి మా అత్తమ్మకు చదవరావు, తుక్కు ఏరుకుపోయే వాళ్లకూ చదవరావు. ఒకనాడు విసుగొచ్చి, గేటుకు వేయగా మిగిలిన ఎర్రరంగు డబ్బాలో బొటనవేలు ముంచి, పనికిరాని సామాను మీద ఒక చుక్క పెట్టాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గడపకూ, రోలుకూ, గేదె నొసటికీ ఆ వేలితో చేసిన పని అదే కదా. అలా మా దుకాణంలో తుక్కుకు బొట్టు గుర్తయింది. "బొట్టు పెట్టు" అంటే పారెయ్యమని. ఎవడైనా బేరంలో మరీ విసిగిస్తే, వాడు పోయాక మా ఆయన "వీనికి బొట్టు వెట్టాలె" అనేవాడు. మేమిద్దరం నవ్వుకునేవాళ్లం.

అత్తమ్మకు మాత్రం ఆ మాట పడేది కాదు. "బొట్టంటె మంగళం పిల్లా. ముత్తయిదువ మొకం మీద ఉండేది తీస్కపోయి సచ్చిన ఇనుముకు పెడితివి. ఎన్నడన్న ఒకనాడు గిది మనకే తగుల్తది, సూడు" అనేది. నేను వినేదాన్ని కాదు. అత్త మీది కోపం దుత్త మీద అంటారు. నాకు దుత్తలు లేవు, డ్రమ్ములున్నాయి. ఆమె అలా అన్నరోజు నా పానా దెబ్బలు రోడ్డవతలికి వినబడేవి.

ఈ పనిలో చేరాక తెలిసిన సంగతి ఒకటుంది. విప్పడానికి వచ్చిన ప్రతి బండికీ ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టే ఉంటాయి. కట్టని బండి ఒక్కటీ రాలేదు. లోపల సీటు సందుల్లో గాజుపెంకులు, ఎండిన పూలు, ఒక్కోసారి చిన్న చెప్పు. "ఎట్ల వోయింది గీ బండి?" అని నేను అడగను. సామాను కొనేవాళ్లు అడుగుతారు. "ఊకెనే ఇంటెనుక వెట్టిండ్రు, నడవలే" అంటాడు మా ఆయన. అన్ని బండ్లూ ఊకెనే ఇంటెనుక పెట్టినవే ఆయన నోట్లో.

నిరుడు దసరాకు ముందు అలాంటి ట్రాలీ ఒకటి వచ్చింది. మల్లాపూర్ దగ్గర కల్వర్టులో పడ్డది. దాని ముందు చక్రపు స్టబ్ యాక్సిల్ విప్పి నా ముందు పెట్టారు. చెయ్యంత ఇనుపముక్క అది. ముందు చక్రం మొత్తం దానిమీదే నిలబడి తిరుగుతుంది. అది మెడ దగ్గర విరిగితే చక్రం ఒక దారి పోతుంది, బండి ఒక దారి పోతుంది, మధ్యలో డ్రైవర్ చేసేదేమీ ఉండదు. ఈ ముక్క చూడ్డానికి నిగనిగలాడుతోంది. పానాతో తట్టాను. బొద్దుగా పలికింది. ఇంకోసారి తట్టాను. అదే పలుకు. ముగ్గు చల్లితే మెడ చుట్టూ నల్లగీత తేలింది, నల్లపూసల దండ వేసినట్టు. గీత కలవకుండా మిగిలింది కొంచెం మేరే.

"కల్వర్టుల వడంగ గిది విరగలేదంటె గట్టిదే గద. టర్నర్ దగ్గర వెల్డింగ్ వెట్టిస్తే..." అన్నాడు మా ఆయన.

"నీ బిడ్డ కూసునే బండికి ఏస్తవా?" అన్నాను.

నేను వేలు నిండా రంగు ముంచి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి తుక్కు మూలకు తోశాను. సుత్తెతో రెండు ముక్కలు చేయించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. తుక్కు బండి పండుగ వెళ్లాక వస్తానంది.

దసరా పొద్దున అత్తమ్మ దుకాణానికి వచ్చింది. నేను ఇంట్లో వంటలో ఉన్నాను. ఆమె దగ్గరుండి నేల కడిగించి, మామిడి తోరణం కట్టించి, పూజకు నిండుగా కనబడాలని సామానంతా ముందుకు తెప్పించి వరసలు పెట్టించింది. అరల్లోవి, మూలవి, మంచివి, తుక్కువి. అన్నింటికీ పసుపు రాసి, అన్నింటికీ కుంకుమ బొట్టు పెట్టింది. సాయంత్రం నేను పోయి చూస్తే దుకాణం నిజంగానే కళకళలాడుతోంది. అంత ఇనుము అంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు. నాకూ ముచ్చటేసింది, దండం పెట్టుకున్నాను. నూనె దీపం వెలుగులో బొట్లన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి.

తెల్లవారి మా బిడ్డకు జగిత్యాల కాలేజీలో పరీక్ష ఉంటే నేను తోడుపోయాను. దుకాణంలో మా ఆయన ఒక్కడే ఉన్నాడు. తరువాత రెండు రోజులు ఇంట్లో చుట్టాలు. తుక్కు బండి వచ్చిందని కబురొస్తే అప్పుడు పోయాను. వరసల్లో పెట్టినవాటిని మా ఆయన చేతికి వచ్చినట్టు కొన్ని మూలకు, కొన్ని అరలకు చేర్చాడు. కుంకుమ గ్రీసులో కలిసి నల్లెరుపు తిరిగింది, రంగు దుమ్ము పట్టి నల్లెరుపు తిరిగింది. నేను తడిబట్ట తీసుకొని ఒక్కొక్క బొట్టు తుడవడం మొదలుపెట్టాను. తడికి కుంకుమ పోతుంది, రంగు పోదు. మూలంతా తుడిచాను, అరలు తుడిచాను. ఆ స్టబ్ యాక్సిల్ లేదు.

"గా మల్లాపూర్ బండిది స్టబ్ యాక్సిల్ ఏది?" అని అడిగాను.

"పండుగ తెల్లారి రుద్రంగి తమ్ముడు వచ్చిండు. ఒకటి ఇచ్చిన."

రుద్రంగి తమ్ముడంటే నాకు వరసకు తమ్ముడు. మావాళ్లే, వాళ్ల నాయన కూడా తాళ్లు గీసినవాడే. ట్రాలీ నడుపుతాడు. ముందు చక్రం స్టబ్ యాక్సిల్ అరిగి బండి ఇంటి ముందు ఆగిపోతే వచ్చాడట. జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకొని, బేరం మాట్లాడకుండా తీసుకుపోయాడట.

"ఏది ఇచ్చినవ్?"

"బొట్టు వెట్టింది."

"అన్నిటికి బొట్టున్నది గదనయ్యా!"

"నాకేమెరుక. పెద్దగ, ఎర్రగ బొట్టున్నది. గాయననే ఏరుకున్నడు. అమ్మవారి బొట్టు నిండుగ వడ్డది బావా, నాకు గిదే గావాలె అన్నడు."

తమ్ముడికి ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. మోటరుసైకిల్ తియ్యమన్నాను. తుక్కు బండివాడు "మరి నేనేం జెయ్యాలె?" అని అరుస్తూనే ఉన్నాడు. గడపలో అత్తమ్మ నిలబడి చూస్తోంది.

వానలు వెళ్లి ఎండ ముదిరిన రోజులు. రోడ్డుకు సగం దాకా మక్కజొన్నలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. బండ్లన్నీ ఒక పక్కకు ఒరిగి, రాళ్లకు తగిలీ తగలకుండా పోతున్నాయి. మామూలు రోజుల్లో అయితే ఆ పసుపుపచ్చ రాశులు చూస్తే కడుపు నిండినట్టుండేది. ఆవేళ నాకు ఒక్కొక్క రాయి కనబడుతోంది. చక్రం దేన్ని గుద్దినా చాలు, ఆ మెడ ఊడుతుంది. కథలాపూర్ రాకముందే రోడ్డుకు అడ్డంగా జనం గుమిగూడి ఉన్నారు. మా ఆయన బండి నెమ్మది చేశాడు. నేను ఆయన భుజం పట్టుకొని కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే ట్రాక్టరు టైరు మారుస్తున్నారు. ఒక ముసలాయన "ఏమైందమ్మా, మొకం గట్లయింది?" అని అడిగాడు. ఏం లేదన్నాను.

రుద్రంగిలో వాళ్లింటి ముందు ట్రాలీ లేదు. తమ్ముడి అమ్మ, నాకు వరసకు చిన్నమ్మ, అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి సంబరపడి లేచింది.

"సిరిసిల్లకు వోయిండ్రు బిడ్డా. నా ఆడబిడ్డ కొత్తింట్ల పాలు పొంగిస్తున్నది గద. కోడలు, పిల్లలు, ఇంటిపక్కల ఆడోళ్లు అందరు ట్రాలీలనే వోయిండ్రు. నాకే మోకాళ్లు నొస్తున్నయని ఉన్న."

"ఎప్పుడు వోయిండ్రు చిన్నమ్మా?"

"జర సేపాయె, సద్ది తిని. మీ దుకాణంల సామాను ఏసినంక బండి పూవోలె పోతుందట. మీ పేరే చెప్పిండు. కూసో, చాయ్ తాగి పోదురు."

ఆమె మొహంలోకి చూడలేకపోయాను. చెబితే ఆ ముసలిది ఆ అరుగు మీద ఒక్కతే ఏమైపోతుందో. చెప్పకపోతే, రేపు ఆమె నన్ను అడిగితే ఏం చెప్పాలి? మింగలేక కక్కలేక నీళ్లు మాత్రం తాగి లేచాను. "అందరు ఎంత సంతోషంగ వోయిండ్రో" అంది ఆమె వెనక నుంచి.

రుద్రంగి దాటాక నేను రోడ్డు వైపు చూడలేదు. రోడ్డు పక్కన చూశాను. కాలువలో, పొదల్లో, వరిమడి గట్ల మీద, ఎక్కడైనా ఒక చక్రం ఒంటరిగా పడి ఉంటుందేమోనని. చెట్టు కింద ఎర్రచీర కనబడితే బండి ఆపమనేదాన్ని. ఎవరో సద్ది తింటున్న కూలీలు. కీడెంచి మేలెంచమన్నారు, నా పనే అది. ప్రతి ముక్కలోనూ ముందు చావును వెతికి, లేదని తేలాకే మంచిదనాలి. అయితే ఆ దారి పొడుగునా కీడు ఎంచడమే అయింది, మేలు దాకా రాలేదు. మధ్యలో ఒకచోట మా ఆయన తల తిప్పి "ఇగో, ఒక మాట..." అన్నాడు. "ముందు చూసి నడుపు" అని కసిరాను. ఆయన మళ్లీ నోరు తెరవలేదు.

సిరిసిల్లలో చిన్నమ్మ ఆడబిడ్డ కొత్తిల్లు మరమగ్గాలు నడిచే వాడకట్టులో ఉంది. అక్కడ వాటిని సాంచెలు అంటారు. సందు మొదట్లోనే టకటక చప్పుడు చెవులను కమ్మేసింది. ఆ చప్పుళ్ల మధ్య షామియానా, షామియానా పక్కన ట్రాలీ. నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. వెనక తొట్టిలో పిల్లలు కూర్చొని లడ్డూలు తింటున్నారు. అందరూ ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది. తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! నువ్వు గూడ వచ్చినవా! బావా, రారి, కూసోరి."

"ఫోన్ ఎందుకెత్తవు రా?"

"చార్జింగుల పెట్టిన అక్కా. ఏమాయె?"

"పిల్లలను దింపు. చక్రం విప్పు."

విషయం చెప్పాను. వాడు నమ్మలేదు. "దేవుని బొట్టు వెట్టిన సామాను అక్కా. ఇంటికాడికెల్లి ఇక్కడి దాక పిస్తోలు గుండోలె వచ్చిన. ఏం గాదు" అన్నాడు. ఇంకెవరైనా అయితే దండం పెట్టి అడిగేదాన్నేమో. వరసకు తమ్ముడు కాబట్టి తిట్టాను. పెళ్లివారిలా సింగారించుకొని వచ్చిన ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. జాకీ పెట్టారు. చక్రం ఊడింది, డ్రమ్ము ఊడింది, చివరికి యాక్సిల్ ఊడి చేతికొచ్చింది. దాని ఒంటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, ఎర్రగా, నిండుగా.

నేను తడిబట్ట తీసుకొని ఆ బొట్టు మీద పెట్టాను.

"ఓ వదినె!" అని కేక. తమ్ముడి భార్య. కొత్త పట్టుచీర, నొసట ఎంత బొట్టో. ఆమె మొహం తెల్లబోయింది. "కొత్తింటి ముంగట, మా ఆయన బండికి బొట్టు తుడుస్తున్నవేంది వదినె? నీకు పుణ్యముంటది, తుడవకు!"

చుట్టూ ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. ఒకామె నా చెయ్యి పట్టుకుంది. నేను విదిలించుకొని తుడిచాను.

బొట్టు పోయింది. బట్టకు అంటుకొని మొత్తం వచ్చేసింది. కింద ఉత్త ఇనుము.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఇంకోసారి రుద్దాను. రంగు ఉండాలి కదా, నేను పెట్టిన రంగు. లేదు. పానా తీసుకొని తట్టాను, సాంచెల చప్పుడులో ఏమీ వినబడలేదు. పక్కింటాయన వైపు చేతులు జోడించాను. ఆయన లోపలికి పోయి తన సాంచెలు బంద్ చేశాడు. ఏమైందోనని అటుపక్క ఇంట్లో కూడా ఆపేశారు. సందంతా నిశ్శబ్దమైంది. ఆ సందులో అంత నిశ్శబ్దం ఎన్నడూ విననట్టు పిల్లలు కూడా నోళ్లు మూసుకున్నారు. నేను తట్టాను.

ఖంగుమంది. మా బాపు మెచ్చే లొట్టిలా, గుడి గంటలా సాగి సాగి మోగింది.

"చెప్పిన గద అక్కా!" అని తమ్ముడు చప్పట్లు కొట్టాడు. అందరూ ఒక్కసారి నవ్వారు. సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. నేల చూస్తున్నాడు.

"ఏంది?" అన్నాను.

"గా పండుగ తెల్లారే... పొద్దుగూకినంక ఇంకొకాయన వచ్చిండు. మెకానిక్ అన్నడు. గాయనకు గూడ ఒకటి ఇచ్చిన."

"ఎవలు?"

"తెల్వదు. జగిత్యాల దిక్కు అన్నడు. నెత్తిమీద హెల్మెట్ గూడ తియ్యలే."

"పొద్దటి సంది ఎందుకు చెప్పలే?"

"నువ్వు మొత్తుకుంటవని."

లడ్డూలు పట్టుకొని పిల్లలు మళ్లీ ట్రాలీ దగ్గరికి వస్తున్నారు. తమ్ముడి భార్య కుంకుమ భరిణె తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు ఇంకా ఆరలేదు. "తుడిచిన చేత్తోనే వెట్టు వదినె" అంది. బొటనవేలు కుంకుమలో ముంచి ఆ యాక్సిల్‌కు బొట్టు పెట్టాను. మంచి సామానుకు నా చేత్తో బొట్టు పెట్టడం అదే మొదటిసారి. బొట్టు పక్కకు చెరిగింది. అది ఆమె చూసింది. తర్వాత నాతో సరిగా మాట్లాడలేదు, ఈనాటికీ మాట్లాడదు.

జగిత్యాలలో తిరిగాం. మెకానిక్ షెడ్లన్నీ తిరిగాం. "దసరా తెల్లారి కోరుట్లల స్టబ్ యాక్సిల్ కొన్నరా? దానిమీద రంగు బొట్టుంటది" అని అడిగితే కొందరు నవ్వారు, కొందరు మా దుకాణం సామాను మీద అనుమానం పెట్టుకున్నారు. ఒకతను మాత్రం "మీ ఆయనకు కొన్నాయన మొకమే యాదికి లేదంటున్నవ్. మేమెట్ల చెప్పాలె అక్కా" అన్నాడు. అతని మాటలో తప్పేముంది. ఫోన్లో ప్రమాదం వార్త వచ్చినప్పుడల్లా ముందు బండి ఫోటో చూస్తాను, చక్రాలు లెక్కపెడతాను, తరువాతే మనుషుల సంగతి చదువుతాను. నాలోకి ఏం ప్రవేశించిందోనని భయమేస్తుంది.

ఇంట్లో పంచాయితీ తేలలేదు. అన్నీ కలిపి వరస పెట్టింది అత్తమ్మ. చూడకుండా అమ్మింది మా ఆయన. అసలు తుక్కుకు బొట్టు పెట్టమని ఎవరు చెప్పారని వాళ్లిద్దరూ నన్నంటారు. తిలా పాపం తలా పిడికెడు. ఇప్పుడు నేను బొట్టు పెట్టడం లేదు. పనికిరానిదని తేలిన ముక్కను అక్కడికక్కడే పెద్ద సుత్తెతో రెండు చేయిస్తాను. వెల్డింగ్ మాట ఎత్తితే మా ఆయనకు సుత్తె చూపిస్తాను. అత్తమ్మ ఇప్పుడు ఏమీ అనదు. ఈసారి దసరాకు దుకాణానికి రానంది.

మా బిడ్డ మాత్రం రోజూ జగిత్యాలకు పోవాలి కదా. బస్సు అందని రోజు షేరింగ్ వ్యానులో పోతుంది. ఆ వ్యానుకూ ఆ ట్రాలీకీ ముందు సామాను ఒకటే. మొన్న పొద్దున ఎక్కించడానికి అడ్డాకు పోయాను. వ్యాను అప్పటికే నిండింది, మా బిడ్డ కిటికీ పక్కన సర్దుకొని కూర్చుంది. నేను ముందు చక్రం దగ్గర వంగి, చేతిలో ఉన్న తాళంచెవితో తట్టాను. బిగించిన ఇనుము పలకదు. అది నాకు తెలుసు. అయినా తట్టాను.

"ఏం జూస్తున్నవ్ అక్కా?" అన్నాడు డ్రైవర్.

"ముందు సామాను ఎన్నటిది?"

"రంది వెట్టుకోకు. నిరుడు దసరా మీదనే స్టబ్ యాక్సిల్ మార్పిచ్చిన. గప్పటిసంది చప్పుడు గూడ లేదు."

"ఎక్కడ కొన్నవ్?"

"నేనేడ కొన్న? మెకానిక్కే తెచ్చి ఏసిండు."

"గా మెకానిక్ ఎక్కడుంటడు?"

"దుబాయి వోయిండక్కా, మొన్ననే." అతను గేరు వేశాడు. వెనక నుంచి ఎవరో ఆలస్యమవుతోందని అరిచారు. నేను కిటికీ ఊచ పట్టుకొని "దిగు బిడ్డా" అన్నాను. "అమ్మా, పరీక్ష" అంది అది, నలుగురిలో నా పరువు తియ్యకు అన్నట్టు చూసి. ఊచ నా చేతిలోంచి జారింది. వ్యాను కదిలింది. ముందు చక్రం మీద పూజలో పెట్టిన బొట్టు రెండు మూడు చుట్లు కనిపించింది, తరువాత చక్రం వేగంలో కలిసిపోయింది.